పండుగకు కొత్త తీగలు

చేవెళ్ల వైపున్న మా హిమాయత్‌నగర్ ఊరి చర్చిలో, కోత పండుగ నాడు, ఊరందరి ఎదుటా నేను ఒక పాటను పాతాళానికి దించాను. ఏదో మాటవరసకు అంటున్నానని అనుకోకండి. డాబా మీద మొదలైన పాట చివరికి బావి అడుగున తేలింది. ఇందులో కరెంటు తప్పు కాస్త ఉంది. మిగిలిందంతా నా సొంత తెలివే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. జాలిపడేవాళ్ళు కూడా కాసేపు ఉండండి, మీ సంగతి చివర్లో చూద్దాం.

ముందుగా ముద్దాయిని పరిచయం చేస్తాను. అంటే నన్ను కాదు, నా వాయిద్యాన్ని. దాని పేరు బేస్ యుకలేలే. చూడటానికి గిటారు కడుపున పుట్టిన పసిపిల్లలా ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే షేర్ ఆటోలో దానికి వేరే చోటు అక్కర్లేదు. దాని మీద అగ్గిపుల్ల కన్నా లావుగా నాలుగు నల్లటి రబ్బరు తీగలుంటాయి. చూసిన ప్రతివాళ్ళూ "పిల్లల బొమ్మనా అన్నా?" అంటారు. నేను జవాబుగా ఒక్క తీగ మీటుతాను. పొత్తిళ్ళలోని బిడ్డ తాతగారి గొంతుతో "ఊఁ" అన్నట్టు వినిపిస్తుంది. అడిగినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. దాని మీద నాకు ప్రేమ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అంత చిన్న చెక్కపెట్టెలో అంత పెద్ద గొంతు ఎక్కడ దాక్కుందా అని ఇప్పటికీ దాని రంధ్రంలోకి తొంగిచూస్తుంటాను.

దొంతన్‌పల్లి వైపు ఒక కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న విద్యార్థి ఒకడు దాన్ని నాకు అమ్మాడు. పాపం, జాగ్రత్తలన్నీ చెప్పే వెళ్ళాడు.

"సార్, లోపల బ్యాటరీ ఉంటుంది, వాడనప్పుడు తీసేయండి. వేళ్ళు రబ్బరుకు అతుక్కుంటాయి, కొంచెం పౌడర్ రాసుకోండి. తీగలు మారిస్తే మాత్రం వారం రోజులు ఓపిక పట్టాలి సార్. కొత్త రబ్బరు సాగుతూనే ఉంటుంది. శ్రుతి దిగుతూనే ఉంటుంది."

మొదటి రెండూ శ్రద్ధగా విన్నాను. మూడోది చెప్పేటప్పుడు, వాయిద్యం పట్టుకుంటే నేనెలా ఉన్నానా అని కిటికీ అద్దంలో చూసుకుంటున్నాను.

దాన్ని భుజాన వేసుకోవడానికి పట్టీ లేదు. ఆ పని మీద మా పెద్దబాపు దేవదానం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మా పెద్దమ్మ భర్త, గులాబీ తోట రైతు. డ్రిల్లు మిషను తీసి, నేను వద్దనేలోపు వాయిద్యానికి రెండు చోట్ల బెజ్జం పెట్టి మరలు బిగించాడు. తోటలో పాడైపోయిన మందు పంపు బెల్టు కోసి వాటికి తగిలించాడు.

"ఇగ సూడు సుధాకర్, పురుగుల మందు వాసన ఒక్కటే వస్తది గని, ఏనుగు గుంజినా తెగది. ఏదీ, ఒక్కపాలి కొట్టు."

అన్నింటికన్నా లావు తీగ మీటాను. పెద్దబాపు కళ్ళు మూసుకుని, సరిగ్గా ఆ స్వరం మీదే "ఊఁ" అన్నాడు. ఏది తీగో ఏది మనిషో తేడా తెలియలేదు.

"ఇది నా గొంతులెక్కనే ఉన్నదిర!" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత తోట వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "చర్చిల ఒక్క చరణమన్న నోరు తెరిచి పాడాల్నని ఉంటది బిడ్డా. మీ పెద్దమ్మ పాడనియ్యది."

ఇక్కడ మా పెద్దమ్మ సుగుణమ్మ గురించి చెప్పాలి. మా చర్చి పాటల బృందానికి ఆమే నాయకురాలు. ఆమె పాట ఎత్తుకుంటే కప్పు మీద పావురాలు లేస్తాయి. ఆ ఎత్తులో పెద్దబాపు గొంతు కలిపితే, ఎక్కలేక కీచుమని మధ్యలో తెగిపోతుంది. అందుకని పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఒక కట్టడి చేసింది: "నువ్వు ఎనుక వరుసల నిలవడు. నోరు కదుపు. సప్పుడు మాత్రం చెయ్యకు." అప్పటినుంచి పెద్దబాపు ప్రతి ఆదివారం నోరు కదుపుతూనే ఉన్నాడు. ఎంత చక్కగా కదుపుతాడంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు అందరికన్నా ఆయనే బాగా పాడుతున్నాడనుకుంటారు.

అలాంటి పెద్దమ్మ ముందుకు నేను నా వాయిద్యంతో వెళ్ళాను.

"ఏందిరా ఇది? మందు వాసనొస్తున్నది."

"బేస్ పెద్దమ్మా. కోత పండుగ పాటకు వాయిస్త."

"ఇంత బొమ్మను పట్టుకొని పండుగల నిలవడ్తవా? నవ్వుతరు."

అప్పుడు నేనొక ఉపన్యాసం ఇచ్చాను. "పెద్దమ్మా, పాటకు బేస్ అంటే ఇంటికి పునాది. అందరు దీన్ని విని దీని మీద నిలవడాలె. చెవులు నాకియ్యండి, పాట సంగతి నేను చూస్కుంట. కరెంటు పోయినా ఫికర్ లేదు, నా దగ్గర ఛార్జింగ్ స్పీకర్ ఉన్నది."

నేను వాయిస్తే ఆమె ఒకసారి విన్నది. తల ఊపకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది, కానీ పాదం ఆగలేదు.

"సరే. ఈ ఒక్క పండుగకు చూస్త. పాట మంచిగొస్తే ఇది మనతోనే ఉంటది. చెడిందా, మళ్ల గడప తొక్కనియ్య. నువ్వు చప్పట్లు కొట్టుకుంట కూసోవాలె."

పాట పెద్దమ్మ సొంతంగా కట్టినది, ఐదు చరణాలు. రోజూ సాయంత్రం సాధన. "కండ్లు నా మీద, చెవులు సుధాకర్ మీద" అని ఆమె బృందాన్ని ఎంత గట్టిగా తయారుచేసిందంటే, నేను తుమ్మితే ఆ స్వరానికీ సిద్ధమయ్యేలా ఉన్నారు.

అంతా బాగుండగా పండుగ ముందు రోజు శనివారం వచ్చింది. కోత పండుగంటే మాకు కొత్త బట్టలు ఉండాల్సిందే. ఎంత లేనివాళ్ళయినా కొత్త చొక్కా తొడుక్కుని, తొలి పంటలో కొంత పట్టుకుని చర్చికొస్తారు. నా కొత్త చొక్కా కోసం చేవెళ్ల వెళ్ళాను. పనిలోపనిగా, ఎప్పుడో ఆర్డరిచ్చిన కొత్త తీగల పార్శిలు అక్కడ కొరియర్ దుకాణంలో ఉంటే తీసుకున్నాను. ఇంటికొచ్చి చొక్కా మంచం మీద పరిచాను. పక్కన నా వాయిద్యం, పాత తీగలతో, పౌడర్ మరకలతో దీనంగా పడుకుని ఉంది. నా మనసు కరిగిపోయింది. ఇంటిల్లిపాదీ కొత్తవి కట్టుకుంటే ఇది మాత్రం పాతవాటితో రావాలా? పండుగ దానికి మాత్రం కాదా?

అంతే. పాత తీగలు విప్పేసి కొత్తవి ఎక్కించాను. శ్రుతి చేశాను. నిగనిగలాడుతూ పెళ్ళికూతురిలా ఉంది. కుర్రాడు చెప్పిన మూడో జాగ్రత్త ఎక్కడో చెవి వెనక దోమలా రొదపెట్టింది కానీ, నేను తోలేశాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. వేదిక ముందు గుమ్మడికాయలు, టమాటా బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, పెద్దబాపు తోట గులాబీలు. మేం పాటకు లేచి నిలబడ్డాం. నేను చివరిసారి శ్రుతి సరిచేసుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, కీబోర్డు మూగబోయింది. పెద్దమ్మ నావైపు చూసింది. "నేనున్న" అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాను. కొత్త నల్ల ప్యాంటు మీద అప్పటికే రెండు పౌడరు చేతిముద్రలు పడ్డాయి. అవి చూశాకైనా కుర్రాడి మూడో జాగ్రత్త నాకు గుర్తురాలేదు.

మొదటి చరణం అద్భుతం. పావురాలు లేచాయి. నా బేస్ గోడల్లోంచి పలుకుతున్నట్టు వినిపించింది. ముందు వరుసలో పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

రెండో చరణంలో వాయిద్యం పక్కభాగాన శ్రుతి చూపే చిన్న తెరలో పచ్చ దీపం పోయి ఎర్ర దీపం వెలిగింది. రబ్బరు సాగుతోంది. శ్రుతి దిగుతోంది. మరి బృందం? చెవులు నాకిచ్చేశారు కదా! నాతోపాటే ఒద్దికగా దిగారు. ఒక్కరు తప్పితే తప్పు తెలిసేది. ఒక్కరూ తప్పలేదు!

మూడో చరణంలో ఇక లాభం లేదని ఎడమచేత్తో తీగ బిగించే మర ఒకటి తిప్పాను. తీగ "గూఁయ్" మని పైకి లేచింది. బృందం మొత్తం "గూఁయ్" మని పైకి లేచింది. ఒక కోడి కూడా లేవబోయింది. పెద్దమ్మ నన్ను చూసిన చూపుకు చెయ్యి దానంతటదే మర మీద నుంచి జారిపోయింది. తీగ మళ్ళీ కిందికి దిగింది, అందరూ మళ్ళీ దిగారు.

నాలుగో చరణానికి ఆడవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే, వాళ్ళ వెనకే మగవాళ్ళవీ అడుగంటాయి. పెదవులు కదులుతున్నాయి, గాలి మాత్రమే వస్తోంది. పెద్దమ్మ గొంతు కూడా ఆగిపోయింది. ఆమె పాట మధ్యలో ఆగడం నేను పుట్టాక చూడలేదు. అయిపోయింది, రేపటినుంచి చప్పట్లే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

ఐదో చరణం ఎవరూ ఎత్తుకోలేదు. నా బేస్ ఒక్కటే ఒంటరిగా ఊఁ ఊఁ అంటోంది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు వచ్చింది.

లోతైన గొంతు. తొందర లేని గొంతు. పాట ఎన్నో ఏళ్ళ తర్వాత తన ఇంటి ముందు ఆగితే, తలుపు తీసి "రా" అన్నట్టుగా వచ్చింది. పెద్దబాపు పాడుతున్నాడు! నోరు కదపడం కాదు, పాడుతున్నాడు. ప్రతి మాటా ఆయనకు కంఠస్థం. ఒక్క స్వరం తొణకలేదు. మాకు ఎదురుగా నిలబడి చేతులూపుతున్న పెద్దమ్మ చేతులు ఒక్క క్షణం ఆగి, తర్వాత ఆయన ఒక్కడి కోసమే మెల్లగా కదిలాయి. పాట ముగిశాక చర్చిలో ఎవరూ కదల్లేదు. కోళ్ళు కూడా.

ఆరాధన అయ్యాక జనం పెద్దబాపు చుట్టూ మూగారు. "ఇన్నొద్దులు యాడ దాసినవే ఈ గొంతు?" అని ఒకరు, "పాటను గట్ల మెల్లమెల్లగ దించుకొచ్చి చివర్ల ఆయనకిచ్చుడు ఎవరి ఐడియా?" అని ఇంకొకరు. పెద్దబాపు చెవుల దాకా నవ్వుతూ గులాబీలు పంచుతున్నాడు.

నేను గుమ్మం దగ్గర నక్కి ఉన్నాను. పెద్దమ్మ నేరుగా వచ్చింది.

"పునాది అంటివి కదరా?"

"కుంగింది పెద్దమ్మా. కొత్త తీగలు. పండుగ గదా అని..."

"ఇటియ్యి దాన్ని."

ఇచ్చేశాను. ఇక అది నాకు దక్కదనుకున్నాను. ఆమె తీగలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసింది.

"ఇవి గట్టిపడ్తానికి ఎన్ని దినాలు పడ్తది?"

"వారం. క్రిస్మస్‌ వరకు ఉక్కులెక్క అయితయి పెద్దమ్మా. వెంట్రుకంత కూడ దిగయి, నా మీద ఒట్టు."

ఆమె గుంపు మధ్యలో ఉన్న పెద్దబాపును చూసింది. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"అయితే క్రిస్మస్‌కు ముందురోజు మళ్ల కొత్తయి ఎక్కియ్యి."

"ఎందుకు పెద్దమ్మా? మొదటినుంచే కింది శ్రుతిల పాడితె అయిపాయె గదా!"

"మరి నేనేడ పాడాల్నిరా? మొదలు నాది. చివరికి ఆయన కాడికి రావాలె."

వాయిద్యం నా భుజాన వేసి వెళ్ళిపోయింది. వెళ్తూ కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళో, కంట్లో పౌడరు పడిందో నేను అడగలేదు.

కనుక చదువరులారా, మందు పంపు బెల్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పండుగ ముందు రోజు కొత్త తీగలు ఎక్కించే పాపం ఈ జన్మలో మళ్ళీ చేయను. క్రిస్మస్‌కు తప్ప. ఈస్టరుకు తప్ప. వచ్చే కోత పండుగ సంగతి ఇప్పుడే చెప్పలేను, పెద్దమ్మ ఈసారి ఆరు చరణాలు కడుతోంది.