గుండ్రంగా కోసిన విస్తళ్లు

మొన్న ఆదివారం మా ఆడబిడ్డ సుశీల ఒళ్లో పప్పు పోశాను. చేత్తో పొయ్యలేదు గానీ, పోసినంత పని చేశాను. వినండి.

సుక్మాలో మేం కొత్త ఇల్లు కట్టుకున్నాక సుశీల రావడం అదే మొదటిసారి. భిలాయ్‌లో ఉంటుంది. వాళ్లింట్లో కర్టెన్ మడతలు కూడా ఇస్త్రీ చేసినట్టుంటాయి. నా ఇంట్లో ఆవిడకు వంక పెట్టే సందే దొరక్కూడదని నా పంతం. పక్కవాళ్లను కూడా భోజనానికి పిలిచాం. విస్తళ్లు మా అత్తమ్మ కుట్టింది. బజార్లో అడ్డాకులు కొని, వెదురు పుల్లలు గుచ్చి, టీవీ చూస్తూనే కుట్టేసింది.

పొద్దున్నే ఆ కట్ట విప్పి చూశాను. ఒకటి కోడిగుడ్డులా ఉంది, ఒకటి ఛత్తీస్‌గఢ్ మ్యాప్‌లా ఉంది! వెంటనే గిన్నె మూత బోర్లించి, చుట్టూ కత్తెరతో కొయ్యడం మొదలుపెట్టాను.

"ఏందే పద్మా, ఏం చేస్తున్నవ్?" అంది అత్తమ్మ.

"షేప్ చేస్తున్నా అత్తమ్మా."

"తినేది అన్నమా, షేపా? ఆ అంచు కోస్తే..."

"మీరెళ్లి కూర్చోండి, నేను చూసుకుంటా."

కూర్చుంది. నేను అన్నీ కోసేశాను. ఒక్కొక్కటీ పున్నమి చంద్రుడే!

ఆకుల్ని పట్టి ఉంచే పుల్లలు ఉండేది ఆ అంచు దగ్గరే. నా కత్తెర వాటి మీదుగానే వెళ్లింది. డిగ్రీ చదివాను, ఈ సంగతి మాత్రం తట్టలేదు.

అందరూ నేల మీద వరసగా కూర్చున్నారు. అన్నం దాకా బాగానే ఉంది. పప్పు పడ్డాక సుశీల విస్తరిని దగ్గరికి లాక్కుంది. సగం వచ్చింది. సగం రాలేదు. పప్పు మాత్రం మొత్తం వచ్చింది, పట్టుచీర మీదికి.

ఆ తర్వాత వరసంతా విచ్చుకుంది. పక్కింటాయన, "అరే భాభీ, ఈ చట్నీ నాదా, ఈయనదా?" అని అడుగుతున్నాడు. మా ఆయన చారు బకెట్ పట్టుకుని నిలబడిపోయాడు. "పొయ్యమంటావా, ఆగమంటావా?"

"రెండేసి వెయ్యండ్రా, ఒకదాని చిరుగు మీద ఇంకోటి!" అని అత్తమ్మ లోపల్నుంచి కేకేసింది. ఎక్కువే కుట్టింది కాబట్టి సరిపోయాయి. అడ్డదిడ్డంగా ఉన్న ఆ జంట విస్తళ్లలో అందరూ మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

భోజనాలయ్యాక గదిలో సుశీలకు నా నూలుచీర ఇచ్చి, క్షమించమన్నాను. ఆవిడ ఒకటే నవ్వు.

"ఊకో వదినా! నువ్వొస్తున్నవంటే నేను రెండు రోజులు ఇల్లు కడుగుత, తెలుసా? మా ఇంట్ల ఆ కర్టెన్లకు ఇస్త్రీ నీ భయానికే! మీ పాతింట్ల మంచినీళ్లు తాగి, గ్లాసు ఏడ పెట్టాల్నో తెల్వక చేతిల పట్టుకునే కూసునేదాన్ని. నీ చేతి వంట కడుపునిండా తిన్నది ఇయ్యాల్నే."

ఇన్నేళ్లూ ఆవిడకు భయపడి నేను, నాకు భయపడి ఆవిడ, ఇద్దరం ఇళ్లు తుడుచుకుంటూ కూర్చున్నామన్నమాట!

"ఇక వదిలేశా సుశీలా. ఏదైనా సరే, పని జరిగితే చాలు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ చీర మార్చుకునేటప్పుడు ఆవిడ బొట్టుబిళ్ల కాస్త పక్కకు జరిగింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"వదినా, చెయ్యి దించు."

దించాను. ఆ బొట్టు మాత్రం సాయంత్రం దాకా నన్నే చూస్తూ కూర్చుంది.