వేరే కంపెనీ ఆయిల్

నా పాత అంబాసిడర్ కారును ఇన్నేళ్లు రిపేరు చేసి నడిపించిన మెదక్ మెకానిక్, మిస్త్రీ చాచా మొన్న శుక్రవారం చనిపోయారు. కబురు విన్నప్పుడు ఏడుపు రాలేదు. ఇక ఆయనతో చెప్పుకునే వీలు లేదే అని నీరసం కమ్మింది.

పదిహేనేళ్ల కిందటి మాట. బయటి దేశాల కంపెనీలు వచ్చి ఆయిల్ డబ్బాలు రంగురంగులుగా దుకాణాలకెక్కాయి. మేం వాడేది దొరకడం మానేసింది. చాచా అదే గ్రేడులో వేరే కంపెనీది పోశారు. ముసలి బండికి ఆయిల్ మారిస్తే ఇంజన్ పోతుందని మా కిరాయి డ్రైవర్లందరి నమ్మకం. నేను గొణిగాను.

"డబ్బ మీది పేరు ఇంజన్ సదువుతదా బేటా? గ్రేడు సూడు, లెవల్ సూడు. గంతే."

అంటూ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్‌ను లుంగీకే తుడిచారు. గుడ్డ చేతికిచ్చినా అంతే. ఆ మరకలకు ఇంట్లో చాచీ తిట్లు రోజూ ఉండేవి.

నెల తిరక్కముందే కౌడిపల్లిలో కిరాయివాళ్లను దింపి చూస్తే ఆయిల్ బాగా దిగి ఉంది. అక్కడ దుకాణంలో ఇంకో కంపెనీ డబ్బా ఒక్కటే ఉంది. మూడో రకం కలిపితే కొంప మునుగుతుందని, అసలేమీ పోయకుండానే బయల్దేరాను. మెదక్ చేరకముందే ఇంజన్ పట్టేసి బండి ఆగిపోయింది.

చాచా ఇంజన్ విప్పి చూశారు.

"లెవల్ సూసినవా?"

"సూసిన చాచా. నిండుగనే ఉండె."

ఒక్కసారి నా ముఖం చూసి మళ్లీ పానా అందుకున్నారు. నేనేమో బస్టాండు ముందు హోటల్లో, అడిగినవాడికీ అడగనివాడికీ, చాచా ఆయిల్ మార్చి నా ఇంజన్ పాడుచేశాడని చెప్పాను. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఆయన దగ్గరికి రావడం మానేశారు. సిగ్గు లేకుండా నేను మాత్రం పోతూనే ఉన్నాను. ఆయన ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. ప్రతి సర్వీసింగుకూ ఈసారి నిజం చెప్పేద్దామనుకునేవాణ్ని, చాయ్ తాగి వచ్చేసేవాణ్ని.

బండికి ఆయిల్ కంపెనీ మార్చొచ్చా అని మీరెవరైనా అడిగితే, చాచా మాటే చెప్తాను. ఆయన తప్పేమీ లేదు.

ఖబరస్తాన్‌లో చాచాకు మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం అదే హోటల్‌కు పోయాను. తెలంగాణ వస్తదా రాదా అని వాదులాట నడుస్తోంది. గొంతు పెంచాను.

"చాచా నా ఇంజన్ కరాబ్ చెయ్యలే. ఆయిల్ తక్కువుందని ఎరుకుండి నేనే నడిపిన. అబద్ధం జెప్పిన."

వాదులాట ఆగింది. ఆనాడు నా మాట విన్నవాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. పేపరు చూస్తున్న ఒకాయన తలెత్తాడు.

"ఏ చాచా అన్నా?"

అంటూ బెంచీ మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. నేను నిలబడే ఉన్నాను.