గౌహతి నుంచి కడపకు మూడు గంటలు

కడప బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లు విమాన టికెట్ల అంగడి నడిపిన మా పక్కింటి చాచా పోయిన గురువారం తెల్లవారగానే కన్నుమూశారు. ఉద్యోగం బదిలీ మీద నేను గౌహతిలో ఉన్నాను. చాచా కొడుకు ఫోన్ చేసి చెప్పగానే సెల్లులో చూశాను. హైదరాబాదుకు విమానం మూడు గంటలు. "సాయంత్రం నమాజు లోపల వచ్చేస్తా, నేను వచ్చేదాకా ఎత్తొద్దు" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

తప్పు నాదే. అయినా కోపం అందరి మీదా వస్తోంది. ఆ మూడు గంటలు చూపించిన సెల్లు మీద, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టినా నా తలకెక్కించలేకపోయిన చాచా మీద కూడా.

ఆయన ఏనాడూ విమానం ఎక్కలేదు. అయినా కువైట్‌కు పోయేవాళ్లంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అడగ్గానే టికెట్ ఇచ్చే మనిషి కాదు, ప్రశ్నలతో ప్రాణం తీసేవారు. "విమానం ఎగిరే టైము నాకెందుకప్పా? ఇంటికాడ చెప్పులు తొడిగేది ఎప్పుడు, ఆడ ఇడిసేది ఎప్పుడు, అది చెప్పు" అనేవారు. అదంతా టికెట్ వెనక గుండ్రటి అక్షరాలతో రాసిచ్చేవారు.

ఒకసారి కువైట్‌లో ఇంటిపనికి పోతున్న ఒకామె వచ్చింది. "శానా దూరమా చాచా?" అని బెదురుగా అడిగింది.

"నీకు మూడు తూర్లు ఆకలైతాదమ్మా. మూడు పూటలకు రొట్టెలు కట్టుకో. నాలుగో తూరి ఆకలయ్యే లోపల ఆడుంటావు."

ఆమె భయం తీరి నవ్వింది. అంత దూరాన్ని అంత సులువుగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

నాకు బదిలీ అయినప్పుడూ పిలిచారు. టికెట్ సెల్లులోనే కొనుక్కున్నాను, మూడు గంటలేగా అన్నాను. "అది హైదరాబాదు నుంచి గదప్పా. ఈడ నుంచి హైదరాబాదుకు ఎగిరి దూకుతావా?" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

ఆ గురువారం ఆయన ప్రశ్నలన్నీ దారిలో ఒక్కొక్కటిగా ఎదురొచ్చాయి. విమానాశ్రయం చేరడానికే గంటన్నర పట్టింది. గౌహతి వానకు విమానం చాలాసేపు కదల్లేదు. హైదరాబాదులో దిగేసరికి సాయంత్రమైంది. కడపకు పోయే చిన్న విమానం ఆ రోజు లేదు, ఇక బస్సే గతి. చాచా కొడుకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "యాడుండావన్నా?" అని అడిగినప్పుడల్లా "వచ్చేస్తున్నా" అన్నాను. రాలేను, కానిచ్చేయండి అనడానికి నోరు రాలేదు. నడి ఎండాకాలంలో, వచ్చినవాళ్లందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, పొద్దుగూకేదాకా నాకోసం ఆపారు. ఇక ఆగలేక తీసుకుపోయారు. దీనికి నన్ను నేను క్షమించుకోలేను.

మరుసటి రోజు పొద్దెక్కాక చేరాను. భర్త పోయిన గోషాలో ఉన్న చాచీ తలుపు వెనక నుంచే మాట్లాడింది. "మీ చాచా టికెట్టు రాసిచ్చినోళ్లు ఒకరు గూడా లేటు కాలేదప్పా. నువ్వు ఆయప్పనే లేటు చేస్తివి గదా."

ఆ గొంతులో కోపం కూడా లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఖబరస్తాన్‌కు ఒక్కడినే పోయాను. నిన్న అందరూ వేసి, నీళ్లు చల్లి తట్టిన మట్టి గట్టిపడి అప్పుడే నెర్రెలిస్తోంది. నేనూ మూడు పిడికిళ్లు వేశాను. అది ఉత్త పొడి మట్టి. వేసింది వేసినట్టే గాలికి సగం పక్కకు పోయింది.