ఫ్యాను ఆగేదాకా

సాయంత్రం ఐదున్నరకి టైపిస్టు తన కంప్యూటర్‌ని ఆపి, అరచెయ్యి పెట్టెకి ఆనించి కూర్చుంటాడు. లోపలి ఫ్యాను ఆగి, రేకు వణుకు పూర్తిగా పోయేదాకా చెయ్యి తీయడు. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుంటాడు. ఆ అరనిమిషం తప్ప ఆయన కుదురుగా ఉండగా చూసినవాళ్ళు లేరు. కాలు ఆడుతూనే ఉంటుంది, వేళ్ళు బల్ల మీద దరువేస్తూనే ఉంటాయి.

ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. సమావేశాల రికార్డింగులు విని టైపు చేయడం ఉద్యోగం. తెర మీదున్నది కంప్యూటరే చదివి వినిపించాలి. ఆఫీసు మెషిన్లలో కొత్తగా ఏదీ ఎక్కించకూడదని రూలు. అందుకని పెన్‌డ్రైవ్‌లోంచే నడిచే సిస్టమ్ ఒకటి ఇచ్చారు. దాంతో ఒకటే చిక్కు. ఆపితే అన్నీ మర్చిపోతుంది: చదివే గొంతు, దాని వేగం, తెలుగు కీబోర్డు. రోజూ పొద్దున్నే పై అంతస్తులో పనిచేసే వదిన దిగివచ్చి అవన్నీ మళ్ళీ పెట్టాలి.

"ఇంట్లో మీ అన్నయ్య నోరు మూయించలేక, ఇక్కడ దీని నోరు తెరిపించలేక చస్తున్నాను," అనేది.

నాలుగేళ్ళు అలా గడిచాక ఆమెకి వేరే శాఖకి బదిలీ అయింది. సోమవారం నుంచి అక్కడే. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకి కూర్చుంటే ముళ్ళు, నిలబడితే నిప్పులు. గొంతు లేకపోతే పని లేదు. పని చేయని మనిషిని ఆ కుర్చీలో ఎన్నాళ్ళు ఉంచుతారు?

బుధవారం కంప్యూటర్ల మెకానిక్‌ని బతిమాలాడు. అతను పెన్‌డ్రైవ్‌లో మిగిలిన చోటుని విడిగా ఒక అరలా చేసి, మార్పులన్నీ అందులో దాచుకునేలా పెట్టాడు. ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. ఎవరూ ఏమీ చేయకుండానే కంప్యూటర్ మాట్లాడింది. టైపిస్టుకి ప్రాణం లేచొచ్చింది.

గురువారం పొద్దున మళ్ళీ మౌనం. మెకానిక్ వచ్చి సరిచేశాడు. శుక్రవారమూ అదే కథ.

"నీ పనితనం తగలెయ్య!" అని విరుచుకుపడ్డాడు టైపిస్టు.

"నా చేతిలో పలుకుతోంది కదండీ! మీ చేతిలో పడగానే ఏమవుతోంది దీనికి?"

మెకానిక్ మళ్ళీ సరిచేసి వెళ్ళాక వదిన పక్కనే కుర్చీ వేసుకుంది.

"ఏదీ, రోజూ ఎలా ఆపుతావో అలాగే ఆపు."

ఆపాడు. గొంతు ఆగడం, చెయ్యి పెన్‌డ్రైవ్ మీదకి పోవడం ఒకేసారి జరిగాయి. ఆమె ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఆగవయ్యా మహానుభావా!"

"ఆగిపోయిందిగా వదినా."

"గొంతే ఆగింది. తెర మీద ఇంకా అక్షరాలు పరిగెడుతున్నాయి. రాసుకుంటున్నవాడి చేతిలో కాగితం లాక్కున్నట్టు ఏమిటా తొందర?"

నాలుగేళ్ళుగా అలాగే పీకుతున్నాడు. దాచుకునేదేమీ లేనన్నాళ్ళూ నష్టమూ లేకపోయింది.

"అది ఎప్పుడు ఆగుతుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఆమె ఆ చేతినే తీసి పెట్టె మీద ఆనించింది. "తిరుగుతోందా? ఇది ఆగేదాకా కొంప మునిగినా కదలకు."

ఆగింది. వదిన కావాలనే లేచి బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. ఆయన ఒక్కడే బటన్ నొక్కాడు. రెండు నిమిషాలు మోకాలు ఊగుతూనే ఉంది. అప్పుడు, ఇంకెవరికీ ఒక్క ముక్క అర్థంకాని తన వేగంతో, పెట్టె గడగడా మొదలుపెట్టింది.

"వినపడిందిలే!" తలుపవతల నుంచి వదిన.

ఇప్పటికి మూడేళ్ళు. పొద్దున తొమ్మిదింటికి ఆ గది తాళం తీసేది టైపిస్టే. మిగతావాళ్ళు వచ్చేసరికి ఒక రికార్డింగు సగం అయిపోయి ఉంటుంది.