కుప్పం సుబ్బప్పను చంపింది నేనే

ఒక పెద్దమనిషిని నేను చంపాను. పోలీసు కేసు కాలేదు, ఎందుకంటే ఆయన అసలు పుట్టనే లేదు. అయినా ఆ చావు నా నెత్తిమీదికి తెచ్చిన ముప్పు మామూలుది కాదు. వినండి, నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మధ్యలో నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. కాపురం మదనపల్లెలో, సైన్సు టీచరు ఉద్యోగం పుంగనూరు దగ్గర ఒక పల్లె బడిలో. ఏదో శిక్షణకు పోయి వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, వచ్చీ రాగానే తొమ్మిదో తరగతి ముందు నిలబడి ప్రకటించాను.

"ఇకమీద జవాబులు నేను చెప్పను. ప్రశ్న మీది, పరిశోధన మీది. కనుక్కున్నది బ్లాగులో రాయండి. లోకమంతా చదివి మిమ్మల్ని మళ్లీ ప్రశ్నలు అడుగుతుంది."

లోకానికి వేరే పనులున్నాయి. నెల తిరిగేసరికి పిల్లలందరూ రాయడం మానేశారు, భార్గవి తప్ప. చెంగప్ప అనే టమేటా రైతు కూతురు. తెల్లారి కోసిన టమేటా ఎక్కువ రోజులు నిలుస్తుందా, సాయంత్రం కోసిందా? ఇదీ ఆమె ప్రశ్న. తరగతి కిటికీలో రెండు వరుసలు పేర్చి, రోజూ నొక్కి చూసి, ఏ కాయ మెత్తబడిందో బడి కంప్యూటర్లో ఎక్కించేది. ఎక్కించి నా దగ్గరికి వచ్చేది.

"సార్, ఎవురన్నా సదివినారా?"

"చదువుతార్లేమ్మా."

"ఎప్పుడు సార్? కాయలు కుళ్లిపోతాండాయి!"

ఆ ముఖం చూడలేక కుప్పం సుబ్బప్పను పుట్టించాను. ఆలూ లేదు, చూలూ లేదు, తాత పేరు సుబ్బప్ప! 'రిటైరైన రైతు' అని పరిచయం కూడా రాశాను. రైతులు రిటైరు కారని నాకు తోచనే లేదు. కుప్పాన్ని నేను చూసిందల్లా రైలు కిటికీలోంచి. అయినా ధైర్యంగా ఆయన పేరుతో బ్లాగు కింద రాసేశాను: "బాగా గమనించినావమ్మా. కోసినాక కాయను నీడలో పెట్టినావా, ఎండలోనా?"

మరుసటి రోజు భార్గవి బడికి నడిచి రాలేదు, ఎగురుకుంటూ వచ్చింది.

"సార్! కుప్పంలో ఒక తాత ఉండాడు! నాకు తోచని ప్రశ్న అడిగినాడు!"

రెండు వరుసలు నాలుగయ్యాయి, నీడకు రెండు, ఎండకు రెండు. రాత పేజీలకు పేజీలు సాగింది. "మా నాయన కూడా ఇప్పుడు కాయల్ని నీడలోనే పెడతాండాడు తాతా" అని రాసిన రోజు నాకు గాలిలో తేలినట్టయింది. ఆ ఊపులో, "మా తోట చూడటానికి ఎప్పుడన్నా రామ్మా" అని గీకేశాను.

ఆ మాట మన వైపు ఊరికే అంటామని నాకు తెలుసు, మీకు తెలుసు. భార్గవికి తెలియదు. "ఆదివారం నాయనతో వస్తాండాను తాతా" అని జవాబు!

ఏం చేయాలి? సుబ్బప్పకు జబ్బు చేయిద్దామంటే, పరామర్శకు వస్తారు. బాగా ఆలోచించి (దాన్ని ఆలోచన అన్నందుకు మన్నించండి) సుబ్బప్ప కొడుకు పేరుతో రెండు ముక్కలు రాశాను: "నాయన నిన్న పోయినారు. మీరు రావద్దు."

పీడ వదిలిందనుకున్నాను. ఆదివారం పొద్దున్నే చెంగప్ప ఫోను.

"సార్, కుప్పం బస్టాండులో ఉండాము. ఆ పెద్దాయన ఇల్లు యాడో మీకేమన్నా తెలుసునా?"

"రావద్దన్నారంట కదప్పా! యాల పోయినారు?"

"అదేం మాట సార్! బతికినోళ్ల ఇంటికి ఎప్పుడన్నా పోవచ్చు, పోయినోళ్ల ఇంటికి పోకుంటే ఎట్లా? నా బిడ్డకు అంత ప్రేమగా రాసినాడు. రెండ్రోజులుగా పాప సరిగ్గా తినలేదు. ఈడ సుబ్బప్పలు ముగ్గురుండారంట. ఇద్దరిండ్లకు పోయొస్తిమి. ఇద్దరూ బతికే ఉండారు. ఒకాయన శానా కోపం చేసుకున్నాడు."

"మూడో సుబ్బప్ప జోలికి పోవద్దప్పా, నేనే వస్తాండాను!" అని బండి తీశాను. పలమనేరు దాటేదాకా కొత్త అబద్ధాలు అల్లుతూనే ఉన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఒక్కటీ అతకలేదు.

బస్టాండు బెంచీ మీద భార్గవి కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో టమేటాలు.

"తాత ఫోటో ముందర పెట్టల్లని తెచ్చినా సార్. ఎండ తగలనియ్యలేదు."

అక్కడే, బస్సుల రొదలో, ఉన్నదంతా చెప్పేశాను. చెంగప్ప పగలబడి నవ్వాడు.

"అంటే ఎవురూ సావలేదన్నమాట! మంచిదే కద సార్!"

భార్గవి నవ్వలేదు.

"అయితే ఎవురూ సదవలేదా సార్?"

"నేను చదివినానమ్మా. ప్రతి అక్షరం."

"మీరు సదవాల్సిందే కద సార్. అది మీ పని."

ఆ తరువాత ఆమె ఆ బ్లాగు తెరవలేదు. కిటికీలో కాయలు నాలుగు వరుసలూ మెత్తబడిపోతే నేనే తీసి పారేశాను. ఈ కథ చెబితే స్టాఫ్ రూములో అందరూ పడీ పడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, బాధ మాత్రం పోలేదు. నీడలో పెట్టినావా, ఎండలోనా అన్న ప్రశ్న నిజంగా నాదే. అది అడగడానికి నా పేరు చాలేది.

అందుచేత సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ బిడ్డ కోసమూ ఏ తాతనూ పుట్టించను. ఖర్మ కాలి పుట్టించినా, ఆ బిడ్డ పరిశోధన పూర్తయ్యేదాకా ఆయన్ను చావనివ్వను.