హీరో దిగే మెట్లు

టీవీలో హీరో కోపంగా మెట్లు దిగితే చాలు, మా నాయన కుర్చీలోంచి లేచి "ఆ మెట్లు మావి" అనేవాడు. ముప్పయ్యేళ్ల కిందట మార్కాపురం పలకరాళ్ల గనిలో ఆయన చెక్కిన రాళ్లు, హైదరాబాదులో సినిమావాళ్లకు అద్దెకిచ్చే ఏదో బంగళాకు లారీలో వెళ్లాయట. చిక్కేమిటంటే టీవీలో ఆ మెట్లు పాలరాయిలా తెల్లగా మెరుస్తుంటాయి. మా రాయి నలుపు. అదేమిటని అడిగితే కెమెరాలో అట్లాగే కనపడుతుందని దబాయించేవాడు.

నాయన అక్క, అంటే మా అత్త, ఆయనకు మెట్లోడు అని పేరు పెట్టింది. మా మామ అదే గనిలో నాయన పక్కనే కూర్చుని పనిచేసిన మనిషి. పోయేదాకా ఒక్కసారి కూడా ఈ మెట్ల ఊసెత్తలేదు. అత్తకు అదే పెద్ద సాక్ష్యం. నిజమైతే మా ఆయన నాకు చెప్పడా అనేది. నేనూ ఏం తక్కువ తినలేదు. తాత చెప్పేవాటిలో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్లీ సగం నమ్మండని నా పిల్లలకు నేర్పింది నేనే.

పోయిన ఏడాది నాయన కంటి శుక్లం తీయించడానికి హైదరాబాదు తీసుకెళ్లాను. ఆపరేషన్ చేసి, మూడో రోజు మళ్లీ రమ్మన్నారు. అందాకా లాడ్జిలో ఊరికే పడుకోమంటే వింటాడా. సినిమాల్లో చూపించే హైదరాబాదంతా చూపించమన్నాడు. అసలు ఆయన మనసు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ బంగళా చూసేదాకా ఈ మనిషి ఊరు కదలడని ఆటో మాట్లాడాను. నాయన నల్లకళ్లద్దాలు, తెల్లచొక్కా, లుంగీ చూసి డ్రైవరుకు హుషారొచ్చింది. ఏ సీను ఎక్కడ తీశారో చెబుతూ బయల్దేరాడు.

చార్మినార్ కింద నిలబడి నాయన, సినిమాలో ఇంతమంది జనం ఉండరే అని విసుక్కున్నాడు. హీరో అయితే అక్కడ సందు తిరిగి నేరుగా ట్యాంక్‌బండ్ మీద తేలతాడు. మాకు గంట పైనే పట్టింది. ప్రేమికులు విడిపోయి ఏడ్చే చోట మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. నీళ్ల వాసన ముక్కుకు తగలగానే, వాళ్లు ఏడ్చింది ప్రేమకు కాదని నాయన తేల్చేశాడు. తర్వాత డ్రైవరు ఒక పాత రాతి భవనం ముందు ఆపి, ఇదొక సినిమాలో కోర్టు, ఇంకోదాంట్లో ఆసుపత్రి, మరోదాంట్లో జమీందారు ఇల్లు అన్నాడు. పాపం, దానికి సొంత సంసారం ఉందో లేదో అడగలేదు. ఎక్కడికెళ్లినా నాయన చూపు మాత్రం కాళ్ల కింద బండల మీదే.

చివరికి బంజారాహిల్స్‌లో, టీవీలో హీరో మెట్లు దిగే ఆ షూటింగుల బంగళా దగ్గరికొచ్చాం. ఆ రోజు షూటింగ్ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్, నాయన వయసువాడే, ముందు కుదరదన్నాడు.

"అన్నా, ఆ మెట్ల మీద ఒక్క నిమిషం కూచోని పోతా. కన్ను కోయించుకున్న మనిషిని, నేనేం ఎత్తుకపోతా?" అన్నాడు నాయన.

వాచ్‌మన్ నవ్వి గేటు తీశాడు. మెట్లు తెల్లగా, సన్నటి బూడిదరంగు చారలతో అచ్చం పాలరాయిలా ఉన్నాయి. నాయన మెల్లగా కూర్చుని అరచేత్తో తడిమాడు. నేను నవ్వాల్సిన సమయం అదే. ఇన్నేళ్లూ దాని కోసమే కాచుకుని ఉన్నాను. తీరా చూస్తే నవ్వు రాలేదు, ఆయన మొహం చూడలేక పక్కకు తిరిగాను.

ఆయన మెట్టు అంచును గోటితో గీకి, ఇది రంగు అన్నాడు. ఇక చాలు, లే నాయనా అన్నాను. వాచ్‌మన్ మాత్రం అవును, రంగేనన్నాడు. ఎప్పుడో రాజమహల్ సీను కోసం మెట్లన్నిటికీ పాలరాయి రంగు వేశారట. ఓనరుకు నచ్చి అట్లాగే ఉంచేశాడట. మొన్నామధ్య ఫైటింగులో మోటార్‌సైకిలు దించితే రెండు రాళ్లు పగిలాయని, ఒక ముక్క తన నీళ్లకుండ మీద మూతగా పెట్టుకున్నానని చెప్పి తెచ్చి చూపించాడు. పైన తెలుపు. తిప్పితే నలుపు, మా రాయే. వెనకవైపు ఉలితో తొలిచిన గుండ్రటి గుంట ఒకటి ఉంది.

నాయన ఆ గుంటలో బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు.

"ఇది నాది గాదు," అన్నాడు. "మీ మామది."

ఒకరి రాళ్లు ఇంకొకరి వాటిలో కలవకుండా గనిలో ఎవరి గుర్తు వాళ్లు వెనక చెక్కుకునేవాళ్లట. గనికి రాకముందు అందరూ గొర్రెలు కాసినవాళ్లే. అందుకని తమ మందకు చెవి ఎట్లా కోస్తారో అదే గుర్తు రాతి మీదా వేసేవాళ్లు. మామ వాళ్లది చెవి మధ్యలో రంధ్రం. మాది చెవి కొసన రెండు కోతలు. మరి మనవేవి అని అడిగితే, సిమెంటు కింద ఉన్నాయన్నాడు. "ఇప్పుడు మెట్లు పగలగొట్టి చూపించమంటావా ఏంది?"

ఆ గుర్తుల సంగతి నాకు అంతకుముందు తెలియదు. నాయన అది నాదే అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, కాదనే దిక్కే లేదు. అనలేదు. ఇన్నేళ్లూ నమ్మనిదాన్ని ఆ నిమిషంలో నమ్మాను. పిల్లలకు నేర్పిన లెక్క గుర్తొచ్చి సిగ్గేసింది.

వాచ్‌మన్ ఆ ముక్కను మాకే ఇచ్చేశాడు. నాయనను బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు కాబట్టి, ఊరికి తిరిగొచ్చేటప్పుడు దోర్నాల ఘాట్ మలుపులన్నీ ఆ రాయి నా ఒళ్లోనే దాటింది. నాకు తగిన శిక్షే.

అత్త ముందు చాప మీద పెట్టాం. బంగళా మెట్ల రాయి అని మాత్రం చెప్పి, గుంట ఉన్న వైపు పైకి తిప్పాను. తప్పిపోయిన గొర్రెల్ని ఆ రంధ్రాన్ని బట్టే పట్టుకొచ్చిన మనిషి ఆమె. వేలు పెట్టి చూసింది.

"నాతో చెప్పనే లేదు గదరా ఆ మనిషి," అని ఏడ్చింది.

ఇప్పుడు టీవీలో ఆ మెట్లు వస్తే, నాయన నోరు తెరిచేలోగా అత్త అందుకుంటుంది, అవి మా ఆయన మెట్లని. హీరో బూట్లేసుకుని దిగుతున్నాడని తిడుతుంది. నాయన ఇప్పుడు కుర్చీలోంచి లేవడు. ఉండబట్టలేక నేనే, వాటిలో కొన్ని నాయనవి కూడా ఉన్నాయి అత్తా అంటాను.

"నువ్వు చూసినావా?" అంటుంది అత్త.