చాంబర్‌లో గాడి

మా అక్క భర్త, బావ పోయి నలభై రోజులయింది. తిరుత్తణిలో ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఆయన ఎవరినీ నొప్పించిన మనిషి కాదన్నారు. నేను తలూపినాను. నిజానికి నన్ను ఒకసారి నొప్పించినాడు. అది రాసుకుంటేనే ఆయన్ని సరిగ్గా తలచుకున్నట్టు.

మా ఇద్దరిదీ మద్రాసు రైలు దారిలో పట్టాభిరామ్ అనే ఊరి దగ్గర ఒకే వర్క్‌షాపు. రైఫిల్ బ్యారెళ్ళు చేసేవాళ్ళం. బ్యారెల్ వెనక కొసలో తూటా కూర్చునే చోటును చాంబర్ అంటారు. దాన్ని రీమర్ అనే తిరిగే కోత పనిముట్టుతో కోసేది నా పని. కోసింది చూసి ముద్ర వేసేది బావ పని.

రెండేళ్ళ కిందట, కాంట్రాక్టు మీదున్న మాలో ఎవరిని పర్మనెంట్ చేయాలో తేల్చే వారం. రీమర్ అంచులో ఇనుప పొట్టు ఇరుక్కుంది. నేను చూసుకోలేదు. చాంబర్ లోపల చుట్టూ సన్నని గాడి పడింది. పేలినప్పుడు తూటా తొడుగు ఉబ్బి ఆ గాడిలో పట్టుకుంటుంది, బయటికి రాదు. తుపాకి చేతిలో ఉన్నవాడికి ఇక రెండో తూటా లేనట్టే. అది నాకు తెలుసు. తెలిసీ, పుల్లకు గరుకు ఎమరీ గుడ్డ చుట్టి రుద్దినాను. మెరిసింది. గేజ్ కూడా సరిగ్గా దిగింది. అది లోతు కొలుస్తుంది గానీ గాడిని పట్టుకోదు.

మాది నేత ఇల్లు. చీరలో ఎక్కడైనా పోగు తప్పితే, ఆ చోటు లోపలికి పోయేట్టు మడిచి కొట్టుకు పంపుతారు. అమ్మ అట్లా మడవడం చూస్తూ పెరిగినాను.

బావ బల్బు పెట్టి చూసినాడు. తర్వాత జేబులోంచి నాలుగు పట్టుపోగులు తీసి, పుల్లకు కట్టి లోపల తిప్పినాడు. ఆ పద్ధతి వర్క్‌షాపులో ఎవరూ నేర్పింది కాదు. పోగులు చిక్కి తెగినాయి.

"ఏం బామ్మర్దీ, బాగా మెరిపించినావే. పెండ్లిచూపులకు పంపుతావా?"

గేజ్ దిగింది కదా అన్నాను.

"చీరైతే మడిచేస్తాం. దీన్ని యాడ మడుస్తావు?"

గొడవ లేకుండా దాన్ని పక్కన పెట్టేయమని మెల్లగా అడిగినాను. పర్మనెంట్ సంగతి గుర్తు చేసినాను. అక్క మాట కూడా తెచ్చినాను.

"నేను పక్కన పెడితే ఇదొక్కటే పోతాది. ఇట్లాంటివి ఎన్ని రుద్దినావో నీకే తెలుసు. పోయి నువ్వే చెప్పు. చెప్పలేనోడివైతే మగ్గం కాడికే పో, ఈ పని నీది కాదు."

నేను రుద్దినవి నాలుగు. మూడు ట్రేలో ఉన్నాయి. ఒకటి అప్పటికే తర్వాతి సెక్షన్‌కు పోయింది. సూపర్‌వైజర్‌కు నాలుగూ చెప్పినాను. ఆయన అరవలేదు. పోయినదాన్ని వెతికి తెప్పించేసరికి మధ్యాహ్నమంతా గడిచింది. అంతసేపూ అక్కడే నిలబడినాను. నాలుగింటినీ నా ముందే రంపంతో కోయించి, పర్మనెంట్ జాబితాలో నా పేరు కొట్టేసినాడు. ఆరు నెలలు అంచులు అరగదీసే బల్ల దగ్గర ఉన్నాను.

ఆ సాయంత్రం రైల్లో బావ నా పక్కనే కూర్చున్నాడు. తిరువళ్ళూరులో జనం దిగి సీట్లు ఖాళీ అయినా మారలేదు. అక్కకు ఏమని చెప్తావని అడిగినాను.

"అది కూడా నన్నే చెప్పమంటావా?" అన్నాడు.

వాళ్ళింటికి పోయి నేనే చెప్పినాను. నేను చెప్పడం అయ్యేదాకా ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు.